ముగింపు తెలిసిన తరువాత కూడా చదివించే నేర కథలు, గూఢచారి నవలలు ఏవి? ఎందుకు?

అద్దె పుస్తకం (ప్రశ్న):

సభ్యులకు నమస్కారం. కొన్ని నెలలుగా తేలక మిగిలిపోయిన ఒక సందేహాన్ని ఇక్కడ అడుగుతున్నాను. అపరాధ పరిశోధన నవలలూ గూఢచారి నవలలూ శ్రద్ధగా చదివినవారు సమాధానం చెబితే సంతోషిస్తాను.

నాకు చదవడం మీద ఆశ పుట్టించినవి ఈ నవలలే. మా ఊళ్ళో బస్టాండు ఎదుట అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. రోజుకు పావలా అద్దె. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, ఆ తరువాత మధుబాబు గారి షాడో మాకు ఇంటి మనుషులతో సమానం. చేతులు మారి మారి ఆ పుస్తకాలకు అట్టలు మిగిలేవి కావు. షాపాయన ఖాకీ కాగితంతో అట్ట వేసి, దాని మీద ఒక నంబరు రాసి ఇచ్చేవాడు. ఒకసారి అలా తెచ్చుకున్న నవలకు చివరి ఫారం ఊడిపోయి ఉంది. పదహారు పేజీలు లేవు. అందులో హంతకుడెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజుల్లో చదివిన వందల నవలల్లో అన్నిటికంటే బాగా గుర్తున్నది మాత్రం ఆ ఒక్కటే.

పదవీ విరమణ తరువాత, ఒకప్పుడు ఒళ్ళు తెలియకుండా చదివిన నవలలను, తెలుగువీ ఇంగ్లీషువీ, వెతికి తెచ్చుకుని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. నలభై దాకా ప్రయత్నించి ఉంటాను. ఎక్కువ భాగం యాభై పేజీల దగ్గరే ఆగిపోయాయి. హంతకుడు ఎవరో గుర్తుకు రాగానే తోటమాలి చేతికి ఉన్న కట్టు, వంటమనిషి తడబాటు, మేనల్లుడి అప్పులు అన్నీ నన్ను దారి తప్పించడానికే పేర్చినవని తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఆ మనుషులలో జీవం కనిపించదు. రాత్రి రెండింటి దాకా నిద్ర పోనివ్వని పుస్తకం ముప్పై ఏళ్ళ తరువాత చేతిలో చల్లబడిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

దీనికి పూర్తి విరుద్ధంగా ఒక గూఢచారి నవల విషయంలో జరిగింది. జాన్ లె కారే 1963లో ప్రచురించిన 'ద స్పై హు కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్'ను మూడోసారి చదివాను. రచయిత అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. బ్రిటిష్ గూఢచారి సంస్థల్లో పనిచేసిన మనిషి. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచిన కాలంలో పశ్చిమ జర్మనీలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలోనే ఉద్యోగం చేస్తున్నారు. ఆ నవలలో లీమస్ అనే గూఢచారి, సంస్థ నుంచి వెళ్ళగొట్టబడి తాగుబోతుగా దిగజారినట్టు నటించి శత్రువుల వలలో చిక్కాలి. అతనికి చెప్పిన పని ఒకటి, అతని చేత చేయిస్తున్న పని ఇంకొకటి. అంతకు మించి ముగింపు గురించి చెప్పను.

అందులో ఒక చిన్న ఘట్టం ఉంది. లీమస్ కనబడకుండా పోయిన తరువాత, అతన్ని ప్రేమించిన లిజ్ అనే అమ్మాయి ఇంటికి స్మైలీ అనే పెద్దమనిషి వస్తాడు. మర్యాదగా మాట్లాడి, ఏ సాయం కావాలన్నా అడగమని తన పేరూ చిరునామా ఉన్న కార్డు ఇచ్చి వెళతాడు. మొదటిసారి చదివినప్పుడు, ఇంత కఠినమైన వ్యవహారంలో ఒక్కడైనా దయగలవాడు ఉన్నాడే అని ఊపిరి పీల్చుకున్నాను. ముగింపు తెలిసి చదివినప్పుడు ఆ కార్డును చూస్తే చేతులు చల్లబడ్డాయి. మాటలు అవే, కార్డు అదే. మొదటిసారి నేను లిజ్ పక్కన కూర్చుని ఉన్నాను, ఈసారి లండన్‌లో ఆ పథకం వేసినవాళ్ళ పక్కన కూర్చుని ఉన్నాను.

నా ప్రశ్న ఇది. నేర కథ స్వభావం చేతనే ఒక్కసారి చదివి వదిలేసేది, గూఢచారి కథ అలా కాదు అని అనుకోవచ్చునా? లేక నేను మళ్ళీ చదవడానికి ఎంచుకున్న నేర కథలే అలాంటివా?

మందుల సీసా:

అద్దె పుస్తకం గారూ, మీరు ఎంచుకున్న పుస్తకాలలోనే లోపం ఉందని నా అభిప్రాయం. ఒక్క ఉదాహరణ మీదనే మాట్లాడతాను. అగాథా క్రిస్టీ మొదటి నవల 'ద మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'ను చదవనివారు ఈ జవాబును ఇక్కడితో ఆపెయ్యడం మంచిది. హంతకుడి పేరు చెప్పను గాని, హత్య జరిగిన విధానం చెప్పక తప్పదు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. మా తొలిరోజుల్లో ఔషధాలు కలిపి సీసాల్లో పోసి ఇచ్చే పద్ధతి ఇంకా కొంత ఉండేది. సీసా మీద మోతాదు గీతలు చూపించే కాగితం అతికించేవాళ్ళం. దానితో పాటు 'కదిపి తాగవలెను' అన్న చీటీ తప్పనిసరి. కరగకుండా అడుగున పేరుకునే పదార్థం ఉంటే, కదపకుండా తాగిన రోగికి మొదటి మోతాదుల్లో మందు అందదు, చివరి మోతాదులో అంతా ఒక్కసారిగా వెళుతుంది. మా పెద్ద ఫార్మసిస్టు గారు ఈ మాట చెప్పని రోజు లేదు.

1920లో వెలువడిన ఆ నవలలో ఇంటి యజమానురాలు రోజూ బలానికి తాగే టానిక్కులో స్ట్రిక్నిన్ కొద్ది పరిమాణంలో ఉంటుంది. అది మన ముష్టి గింజల్లో ఉండే విషమే. ఆ కాలంలో దాన్ని అతి స్వల్పంగా టానిక్కులలో వాడేవారు. అందులో బ్రోమైడ్ పొడి కలిస్తే స్ట్రిక్నిన్ స్ఫటికాలై అడుగుకు దిగుతుంది. సీసా ఖాళీ అయ్యే రోజున చివరి మోతాదు ప్రాణం తీస్తుంది. హంతకుడు ఆ రాత్రి ఇంట్లో ఉండవలసిన అవసరం కూడా లేదు. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని టార్కీ అనే ఊరి ఆసుపత్రిలో నర్సుగానూ, తరువాత మందుల విభాగంలోనూ పనిచేశారు. ఈ సంగతి ఆమె అక్కడ చేత్తో పట్టుకుని నేర్చుకున్నదే.

నేను ఈ నవలను ఉద్యోగంలో చేరకముందు ఒకసారి, పదేళ్ళ అనుభవం తరువాత ఒకసారి చదివాను. రెండోసారి నేను వెతికింది హంతకుణ్ణి కాదు. పొడుల ఖాళీ డబ్బాను రచయిత్రి ఎక్కడ చూపించారు, ఎంత మామూలుగా చూపించారు, నా కళ్ళ ముందు పెట్టి కూడా నన్ను ఎలా దాటించారు అని వెతికాను. ఆమె ఏదీ దాచలేదు. డబ్బా గదిలోనే ఉంది, టానిక్కు గురించి ముందే చెప్పారు, ఆమె వృత్తి జ్ఞానమంతా మన ముందే ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశారు. పరిశోధకుడికి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపాలి అన్నది వాటిలో ఒకటి. ఈ నియమం పాటించిన నవలను మాత్రమే రెండోసారి చదవగలం. దాచిపెట్టి చివర జేబులోంచి తీసిన రచయిత దగ్గర రెండోసారి చూడటానికి ఏమీ మిగలదు. మీ తోటమాలి చేతికట్టు వెనక ఒక జీవితం ఉందా, కట్టు మాత్రమే ఉందా అన్నదే మీరు పరీక్షించవలసింది.

రెండో పాఠం:

ఇద్దరితోనూ కొంత విభేదిస్తాను. ముగింపు తెలియడం పఠనానికి అడ్డు అన్న నమ్మకం మీ ఇద్దరి మాటల్లోనూ ఉంది. ముగింపు మొదటి పేజీకి ముందే లోకమంతటికీ తెలిసిన నవల ఒకటి ఉంది, దాన్ని ఎవరూ మధ్యలో వదిలిపెట్టలేరు.

ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రచురించిన 'ద డే ఆఫ్ ద జాకల్' కథ, ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌ను చంపడానికి కిరాయికి కుదిరిన ఒక హంతకుడి చుట్టూ తిరుగుతుంది. 1962 ఆగస్టు 22న పారిస్ శివారులోని పెతీ క్లామార్ దగ్గర ఆయన కారు మీద నిజంగానే కాల్పులు జరిగాయి. ఆయన బతికారు. నాయకత్వం వహించిన బాస్తియాన్ తీరీని మరుసటి ఏడాది మార్చిలో కాల్చి చంపారు. నవల అక్కడ నుంచి బయలుదేరుతుంది. ఆ కాలంలో పారిస్‌లో రాయిటర్స్ విలేఖరిగా పనిచేసిన ఫోర్సైత్‌కు ఈ వాతావరణం బాగా తెలుసు. ద గాల్ 1970 నవంబరులో తన ఇంట్లో సహజ మరణం పొందారు. అంటే, పుస్తకం చేతికి తీసుకున్న ప్రతి పాఠకుడికీ ఆ తూటా తగలదని ముందే తెలుసు.

అయినా ఎందుకు చదువుతాం? పని జరిగే తీరు కోసం చదువుతాం. ఆ కిరాయి హంతకుడు, పసితనంలో చనిపోయిన ఒక బిడ్డ సమాధి రాయి మీద పేరు చూసుకుని, ఆ పేరుతో జనన ధ్రువపత్రం సంపాదించి, దానితో పాస్‌పోర్టు తీసుకుంటాడు. ఆర్డెన్ అడవిలో ఒక పుచ్చకాయను వల సంచిలో పెట్టి చెట్టుకు వేలాడదీసి, దూరం నడిచి వెళ్ళి, తుపాకీ దూరదర్శినిని చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం కొంచెంగా సరిచేసుకుంటాడు. చివరికి ప్రత్యేకంగా చేయించిన తూటా పేలుస్తాడు. పుచ్చకాయ అక్కడ ఉండదు. ఆ పేజీ చదువుతున్నప్పుడు ద గాల్ బతికాడని నాకు తెలుసన్న సంగతి నాకే గుర్తు లేదు. రెండో వైపు లెబెల్ అనే సాదాసీదా పోలీసు అధికారి, పేరు కూడా తెలియని మనిషిని ఫోను పిలుపులతో, కాగితాలతో, నిద్రలేని రాత్రులతో వెంటాడుతుంటాడు. ఇద్దరూ పనిమంతులే. మంచి కంసాలి పని చేస్తుంటే పక్కన నిలబడి చూసినట్టు ఉంటుంది. నగ ఎలా ఉండబోతోందో తెలిసినంత మాత్రాన అక్కడ నుంచి కదలబుద్ధి కాదు.

లె కారే గురించి కూడా ఒక మాట. సోవియట్ గూఢచారి అని అనుమానాలు చుట్టుముట్టిన బ్రిటిష్ అధికారి కిమ్ ఫిల్బీ 1963 జనవరిలో బీరూట్ నుంచి మాయమై మాస్కో చేరాడు. 1974 నాటి 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' అలాంటి ద్రోహం మీద నిలిచిన నవల. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనకు సామెత. ఆ నవలలో ఇంటిదొంగ దొరికినప్పుడు, అతనెవరో తమకు లోలోపల ముందే తెలుసునని అతని తోటివారికి అనిపిస్తుంది. తెలిసీ ఎందుకు ఒప్పుకోలేదు అన్నదే అక్కడి బాధ. స్నేహితుణ్ణి, తమతో కలిసి చదివినవాణ్ణి, తాము మెచ్చుకున్నవాణ్ణి ద్రోహి అనడానికి మనసు రాలేదు. పేరు తెలిసి చదివేవాడికే ఆ బాధ పూర్తిగా అందుతుంది.

తెనాలి పాఠకురాలు:

మా అమ్మ ఏ డిటెక్టివ్ నవల తెచ్చినా చివరి పేజీలే ముందు చదివేది. చిన్నప్పుడు అది నాకు పెద్ద నేరంగా కనిపించేది, చాలాసార్లు దెబ్బలాడాను. "దోషి ఎవరో తెలిస్తేనే నేను కుదురుగా చదవగలను" అని ఆమె సమాధానం. తెలుసుకున్న తరువాత మొదటి పేజీ నుంచి ఒక్క మాట వదలకుండా, మధ్యాహ్నమంతా చదివేది. ఆ పాత్ర వచ్చిన చోటల్లా ఆగి, "చూడు, ఎంత అమాయకంగా కాఫీ కలుపుతోందో" అని నాకు చూపించేది. రెండో పాఠం గారు రాసింది చదివాక, ఆమె మొదటిసారే రెండోసారి చదువుతున్నట్టు చదివిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

యుగంధర్ నవలల గురించి ఒక మాట. వాటిని మళ్ళీ చదివితే రహస్యం పలచగా కనిపించవచ్చు. నేను ఇప్పటికీ వాటిని చదివేది రాజును యుగంధర్ పిలిచే తీరు కోసం, వాళ్ళిద్దరి మధ్య ఉన్న నమ్మకం కోసం. ఆ నవలలను యాభై పేజీల దగ్గర వదిలేసిన లెక్కలో కలపకండి. మీకు చివరి ఫారం దొరకని నవల పేరు ఏమిటి? మా ఇంట్లో అటకమీద అమ్మ దాచిన పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి, వెతుకుతాను.

సంస్కృత ఉపాధ్యాయుడు:

ఈ చర్చ చదువుతుంటే, గూఢచారి కథకు పాశ్చాత్య నవలల దాకా వెళ్ళి, మన ఇంట్లో ఉన్నదాన్ని మరిచిపోయామని అనిపించి రాస్తున్నాను. విశాఖదత్తుని ముద్రారాక్షసం ఏడంకాల నాటకం. తెలుగులో మనం ఆ పేరును అచ్చుతప్పుకు వాడుకుని, కథను పక్కన పెట్టేశాం. ఇరవై రెండేళ్ళు ఆ నాటకం పాఠం చెప్పినవాడిగా, అద్దె పుస్తకం గారి ప్రశ్నకు అందులో నేరుగా సమాధానం ఉందని చెప్పగలను.

నందవంశం కూలింది. చంద్రగుప్తుడు సింహాసనం ఎక్కాడు. నందుల మంత్రి రాక్షసుడు బయట నుంచి పోరాడుతున్నాడు. అతని కుటుంబం పాటలీపుత్రంలో చందనదాసు అనే రత్నాల వర్తకుడి ఇంట్లో రహస్యంగా తలదాచుకుంది. చాణక్యుడి గూఢచారి నిపుణకుడు, యముడి బొమ్మల పటం పట్టుకుని పాటలు పాడుకునే బిచ్చగాడి వేషంలో ఆ ఇంటికి వెళతాడు. పాట విన్న ఐదేళ్ళ పిల్లవాడు బయటికి పరుగెత్తుకొస్తాడు. లోపలి నుంచి ఒక స్త్రీ చెయ్యి చాపి పిల్లవాణ్ణి లాక్కుంటుంది. ఆ తొందరలో, మగవారి వేలికి చేసిన ఉంగరం కనుక, ఆమె వేలి నుంచి జారి, గడప దాటి దొర్లుకుంటూ వచ్చి నిపుణకుడి కాళ్ళ దగ్గర ఆగుతుంది. నమస్కరించి కదలకుండా నిలిచిన ఇంటి కోడలిలా ఆగిందని కవి పోలిక. దాని మీద రాక్షసుడి పేరు చెక్కి ఉంది. ఒక తల్లి కంగారులోంచి సామ్రాజ్యం భవితవ్యం జారిపడింది.

ఆ ముద్రిక చేతికి రాగానే చాణక్యుడు ఒక ఉత్తరం సిద్ధం చేయిస్తాడు. ఎవరు ఎవరికి రాశారో అందులో ఉండదు. శ్రోత్రియుల, అంటే వేదం చదువుకున్న బ్రాహ్మణుల, చేతిరాత ఎంత శ్రద్ధగా రాసినా స్పష్టంగా ఉండదు గనుక, రాక్షసుడి మిత్రుడైన శకటదాసు చేతనే, అతనికి సంగతి తెలియకుండా, రాయించమంటాడు. రాత రాక్షసుడి మనిషిది, ముద్ర రాక్షసుడిది, మాటలు మాత్రం చాణక్యుడివి. ఐదో అంకంలో ఆ ఉత్తరం పేలుతుంది.

గమనించవలసింది ఏమిటంటే, ఇదంతా మొదటి అంకంలోనే ప్రేక్షకుడి ఎదుట జరుగుతుంది. చాణక్యుడి ఉద్దేశం రాక్షసుణ్ణి చంపడం కాదు, చంద్రగుప్తుడికి మంత్రిగా తెచ్చుకోవడం. అదీ ముందే చెబుతాడు. దాచిన రహస్యం మీద కథ నడవదు. మనకు తెలిసినది రాక్షసుడికి తెలియకపోవడం మీద నడుస్తుంది. రెండో అంకంలో పాములవాడి వేషంలో వచ్చిన రాక్షసుడి గూఢచారి విరాధగుప్తుడు, తాము పన్నిన ప్రయత్నాలన్నీ ఎలా విఫలమయ్యాయో ఒక్కొక్కటీ రాక్షసుడికి చెబుతాడు. చంద్రగుప్తుడి పడకగది గోడలో సొరంగం చేసి మనుషులు దాక్కున్నారు. రాజు లోపలికి రాకముందు గది పరీక్షించడానికి వచ్చిన చాణక్యుడు, గోడ పగులులోంచి అన్నం మెతుకులు మోసుకుంటూ బయటికి వస్తున్న చీమల బారును చూశాడు. అన్నం ఉంటే తినేవాళ్ళు ఉంటారు. గదికి నిప్పు పెట్టించాడు. క్లాసులో ఈ ఘట్టం చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవారు. చీమలు, మెతుకులు, పగులు. ఇంతకంటే పొదుపైన పరిశోధన నేను ఏ డిటెక్టివ్ నవలలోనూ చదవలేదు.

అయితే ఆ అంకంలో నా మనసు ఎప్పుడూ చాణక్యుడి దగ్గర నిలవదు. ఒక్కొక్క ఓటమి వింటూ, తన మనుషులలో ఒక్కొక్కరి చావు వింటూ కూర్చున్న రాక్షసుడి దగ్గర నిలుస్తుంది. చివరికి అతను లొంగేది తెలివికి కాదు, స్నేహానికి. తన కుటుంబాన్ని దాచినందుకు వధ్యశిల దగ్గర నిలిచిన చందనదాసును కాపాడుకోవడానికి శత్రువు ఇచ్చే మంత్రి పదవికి తల వంచుతాడు. ఇరవై రెండు సార్లు ముగింపు తెలిసే ఈ అంకం చదివాను. అద్దె పుస్తకం గారు లిజ్ చేతిలోని కార్డు గురించి రాసినప్పుడు, నాకు చందనదాసు ఇంటి గడప దాటి దొర్లిన ఉంగరం కళ్ళ ముందు కదిలింది. లిజ్ కార్డును నమ్మి తీసుకుంది, ఆ తల్లి ఉంగరం జారిన సంగతే గమనించలేదు. ఇద్దరికీ ఏం జరగబోతోందో తెలిసినవాళ్ళం మనమే.

అద్దె పుస్తకం:

అందరికీ కృతజ్ఞతలు. నా ప్రశ్న అడిగిన తీరులోనే తప్పుందని ఒప్పుకుంటున్నాను. నేర కథ, గూఢచారి కథ అని గీత గీయడం పొరపాటు. మందుల సీసా గారి జవాబు చదివిన రాత్రే క్రిస్టీ నవల మళ్ళీ తీశాను. పద్ధతి తెలిసి చదువుతుంటే ఆ టానిక్కు సీసా ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా మనసు బిగుసుకుపోయింది. అందులో ఎన్ని మోతాదులు మిగిలాయో లెక్కపెట్టుకుంటూ చదివాను. ఇంట్లో అందరూ వాదులాడుకుంటూ, భోజనాలు చేస్తూ ఉంటారు, సీసాలో మందు తగ్గుతూ ఉంటుంది. మొదటిసారి ఈ భయం నాకు కలగనే లేదు, కలిగే అవకాశమే లేదు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట మీదే నిలబడతాను. నేను వదిలేసిన ముప్పై నవలల్లో ఎక్కువ భాగం అలా వదిలెయ్యవలసినవే. వాటిలో మనుషులు రహస్యాన్ని మోయడానికి పెట్టిన కూలీలు, దాన్ని దించగానే వెళ్ళిపోతారు. యుగంధర్ నవలలు ఆ లెక్కలో లేవని తెనాలి పాఠకురాలు గారికి హామీ ఇస్తున్నాను. రాజు కోసం నేను కూడా వాటిని పూర్తిచేశాను.

చివరి ఫారం లేని నవల పేరు అడిగారు. ఖాకీ అట్ట మీద నంబరు తప్ప పేరు లేదమ్మా, లోపలి మొదటి కాగితం కూడా చిరిగిపోయి ఉండేది. నాకు గుర్తున్నది ఒక దృశ్యం. రాత్రి రైలు పెట్టెలో ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. ఒకామె నిద్రపోతున్న రెండో ఆమె చేతి గడియారాన్ని, మేలుకోకుండా, చూపుడు వేలితో మెల్లగా పది నిమిషాలు ముందుకు తిప్పుతుంది. తరువాత తన సంచిలోంచి నారింజ తీసి వలుచుకుంటూ కిటికీ బయటికి చూస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ నారింజ వాసన నాకు గుర్తుంది. మీ ట్రంకు పెట్టెల్లో ఆ నవల దొరికితే దయచేసి పేరు రాయండి. హంతకురాలు ఆమేనా అన్నది కూడా రాయండి, చదవకముందే తెలిసినా ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు.